ఆలస్యంగా నడుస్తున్న వాన

కూర్మారావు బాబాయి ఉండేది జంషెడ్‌పూర్‌లో, బర్మామైన్స్‌లో, మా బిల్డింగు మూడో అంతస్తులో. ఆయన వాతావరణం మాత్రం శ్రీకాకుళంలో ఉంటుంది.

మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. ఒకరికి పేకాట, ఒకరికి పక్కింటి గొడవలు. ఈయనకి వాన. పొద్దున్నే లేచి తెలుగు టీవీ పెడతాడు. "ఉత్తర కోస్తాలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి ఓ మోస్తరు జల్లులు" అని అందులో ఎవరో అమ్మాయి నవ్వుతూ చెబుతుంది. అంతే! ఈయన రెయిన్‌కోటు తొడుక్కుని, గొడుగు పట్టుకుని బర్మామైన్స్ వీధిలోకి దిగుతాడు. ఇక్కడ ఎండకి రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటూ ఉంటుంది. అక్కడ ఎండ అని ఆ అమ్మాయి చెప్పిన రోజున ఇక్కడ కుండపోతగా కురుస్తున్నా సరే, పల్చటి లాల్చీలో బజారుకి వెళ్ళి తడిసి ముద్దయి తిరిగొస్తాడు.

"బాబాయ్, మనం ఉన్నది జార్ఖండ్‌లో. నువ్వు వింటున్నది ఆంధ్రా వాతావరణం" అని నేనే ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

"ఆ వాన ఎక్కడికి పోతాదే రోహిణీ? అక్కడ బయల్దేరింది ఇక్కడికి రాదేటి? మనం రానేదేటి?" అనేవాడు.

మా బిల్డింగులో ఉన్నవాళ్ళందరం సిక్కోలు సైడు వాళ్ళమే. తాతల కాలంలో కొందరు కార్ఖానా పనికి, కొందరు రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. తెలుగులో అడిగితే మా పిల్లలు హిందీలో జవాబు చెబుతారు. అంతదూరం మేం వచ్చినప్పుడు వాన ఎందుకు రాదని ఆయన వాదన. నాకు ఒళ్ళు మండిపోయేది.

దీనికి తోడు ఆయన టాటానగర్ స్టేషన్‌లో రైళ్ళ అనౌన్స్‌మెంట్లు చేసి రిటైరయ్యాడు. రైళ్ళు పోయాయి, గొంతు మిగిలింది. ఇప్పుడు ఆ గొంతుతో మెట్ల దగ్గర నిలబడి వానని అనౌన్స్ చేస్తాడు. ముందు తాళంచెవితో ఇనప రెయిలింగు మీద ఠంగ్ ఠంగ్ ఠంగ్ అని మూడుసార్లు కొడతాడు. తర్వాత, "దయచేసి వినండి. శ్రీకాకుళం నుంచి ఒడిశా మీదుగా బర్మామైన్స్ వచ్చు చల్లని జల్లులు మరికొద్ది సేపట్లో మన బిల్డింగుకి చేరుకోనున్నవి" అంటాడు. తెలుగు అయ్యాక హిందీ. హిందీ అయ్యాక ఇంగ్లీషు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ముక్కు ఎవరో నొక్కి పట్టుకున్నట్టు మాట్లాడతాడు. మూడు భాషల్లోనూ చినుకు పడదు.

సాయంత్రం నేను నడుం మీద చేతులు పెట్టుకుని అడిగేదాన్ని. "ఏది బాబాయ్ నీ వాన?"

"వాన ఆలస్యంగా నడుస్తోంది. అసౌకర్యానికి చింతిస్తున్నాము, అసువిధా కే లియే ఖేద్ హై" అనేవాడు, కనురెప్ప కూడా వాల్చకుండా.

రద్దయిందని మాత్రం ఆయన ఏనాడూ చెప్పి ఎరగడు. ఒకసారి వైశాఖంలో అనౌన్స్ చేసిన వాన ఆషాఢంలో పడింది. ఆ వానలో వీధి మధ్య నిలబడి, "చూశావేటే, వచ్చింది! కొంచెం లేటు, అంతే" అని నాకు కేక వేశాడు.

ఇంకోసారి బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. మాకు సముద్రం ఎక్కడ, మేమెక్కడ! రెండో అంతస్తు ప్రవీణ్ టెల్కో లారీల కార్ఖానాలో మార్నింగ్ షిఫ్టుకి బైకు స్టార్టు చేస్తుంటే, ఈయన పరిగెత్తుకెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఆగరా! మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. వేటకెల్లినోల్లు బేగి ఒడ్డుకి వచ్చేయాలంట."

"అంకుల్, మైఁ గాడీ బనానే జా రహా హూఁ, మఛ్‌లీ పకడ్‌నే నహీఁ!" అన్నాడు ప్రవీణ్, తను వెళ్ళేది బళ్ళు తయారుచేయడానికి గానీ చేపలు పట్టడానికి కాదని.

"ఏదైతేనేటి? నీల్ల కాడికి ఎల్లకు."

ఆ రోజంతా వాటర్ కూలర్‌కి కూడా ఆమడ దూరంలోనే తిరిగానని ప్రవీణ్ షిఫ్టు నుంచి వచ్చాక చెప్పాడు. బాబాయి గొంతు మహిమ అలాంటిది. తప్పని తెలిసినా ఒక క్షణం నమ్మేస్తాం.

ఇంట్లో సంగతులు కూడా ఆయన ఆ భాషలోనే చెప్పేవాడు. పొద్దున్న నేను పాలకి వెళ్తూ "పిన్ని ఏం చేస్తోంది బాబాయ్?" అని అడిగితే, "వంటింట్లో అల్పపీడనం ఏర్పడింది. మధ్యాహ్నానికి బలపడే సూచనలున్నాయి. తీరప్రాంతం వాళ్ళు అప్రమత్తంగా ఉండాలి" అనేవాడు. తీరప్రాంతం అంటే వంటింటి గుమ్మం పక్కన ఆయన కూర్చునే కుర్చీ. లోపల్నుంచి ఉమామహేశ్వరి పిన్ని గొంతు వినిపించేది. "అల్పపీడనం కాదు, తుపానే! ఉప్పు తెమ్మంటే మెట్ల మీద కబుర్లేటి నీకు?"

ఇలాంటి మనిషితో ఈ ఏడు వసంతంలో మాకు పెద్ద పేచీ వచ్చింది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఈ ఏడు అది పోకపోగా, వానని తోడు తెచ్చుకుని కూర్చుంది. హోళీ దాటింది. అయినా రోజూ చల్లటి జల్లులే. రంగులు కడుక్కోవడానికి కూడా వీధికుళాయి అక్కర్లేకపోయింది. ఇంట్లో పరుపులు బూజు పట్టాయి. బట్టలు ఆరక ముక్క వాసన. మా ఆయన బనీను తొడుక్కుంటే కప్ప ఒంటి మీద కూర్చున్నట్టుందని గోల. రజాయిలు, దుప్పట్లు, బియ్యం, కందిపప్పు అన్నీ ఎండ కోసం ఎదురుచూస్తున్నాయి.

అప్పుడు మా అమ్మాయి హాసిని ఫోను చూసి కేక పెట్టింది. "మమ్మీ! కల్ సే బారిష్ ఖతమ్. గర్మీ, ఏకదమ్ డ్రై!"

టీవీల్లో కూడా అదే మాట. చల్లని జల్లులు తగ్గుముఖం పడతాయి, వేడి, పొడి వాతావరణం నెలకొంటుంది అని. ఆ మాట విన్న సాయంత్రం మా బిల్డింగులో ఆడవాళ్ళ మొహాలు చూడాలి! అందరి కళ్ళూ ఒక్కసారే పైకి తిరిగాయి. దేవుడి వైపు కాదు, డాబా వైపు. ఎందుకంటే డాబా ఒక్కటే ఉంది, పరుపులు మాత్రం ఇంటింటికీ ఉన్నాయి.

ఇలాంటి సందర్భం వస్తే నీలకంఠం గారు ఊరుకోడు. ఆయన మా బిల్డింగు కమిటీ సెక్రటరీ. ఏదో ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేశాడు. తన నోటీసు తనే రాసి, తనే గోడకి అతికించి, తర్వాత తనే చదివి భయపడే రకం. వెంటనే అందరినీ కింద వరండాలో సమావేశపరిచాడు. డాబా వినియోగ విధివిధానాలు అని మొదలుపెట్టాడు. రజాయికి ఇంత జాగా, పరుపుకి అంత జాగా అని ఆయన చెబుతుంటే మేమందరం లోపల్లోపల ఎవరిది ముందా అని లెక్కలేసుకుంటున్నాం.

అప్పుడు జోగమ్మ లేచింది.

జోగమ్మ మా ఇంట్లోనూ, ఇంకో మూడిళ్ళలోనూ అంట్లు తోముతుంది. భర్త కాంట్రాక్టు పని చేసేవాడు, పోయాడు. వెనక సందులో రేకుల గదిలో ఉంటుంది. వేసవి వస్తే వడియాలు పెట్టి తెలుగు వాళ్ళ ఇళ్ళకి అమ్ముతుంది. ఆవిడ సగ్గుబియ్యం వడియం వేయిస్తే, తినేది ఒకరైనా కరకర పక్కింటికి వినిపిస్తుంది. 

"నీలకంఠం బావూ, ఎండ పడ్డాక నాకు కొన్ని రోజులు ఈ డాబా ఛత్తు ఇయ్యండి బావూ. గోవింద్‌పూర్‌ల సత్యప్రసాద్‌గోరి మెస్సుకి ఒడియాలు అడిగినారు. వచ్చే ఆదివారానికల్లా ఇత్తే ఏడాది పొడుగునా నా కాడే తీసుకుంతారంట. నేకపోతే పేకెట్లు కొనుక్కుంతారంట. నాది రేకుల ఇల్లు, ఏటవాలు. దాని మీద ఆరబెడితే జారి డ్రైనేజీల పడతన్నాయి. నా మోకాల్లు ఇంక నాలుగిల్లు తిరగనేవు బావూ."

నీలకంఠం గారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "చూడమ్మా, డాబా కామన్ ప్రాపర్టీ. అక్కడ వ్యాపారం చేయరాదు. ఇవాళ నువ్వు వడియాలంటావు. రేపు ఇంకొకరు ఇటుకలు కాలుస్తామంటారు."

ఎవరికి వాళ్ళం మళ్ళీ జాగా లెక్కల్లో పడ్డాం. నా బుర్ర నిండా మా ఇంటి పరుపులే ఉన్నాయి. జోగమ్మ "అలగేనండి" అని కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. అంతసేపూ పైకప్పు వైపు చూస్తూ కూర్చున్న కూర్మారావు బాబాయి మాత్రం, "రేపట్నుంచి మళ్ళీ వాన కదా, ఎవరికి ఎండ, ఎవరికి డాబా" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం.

తెల్లారింది. ఎన్నాళ్ళకో నిజమైన ఎండ! కిటికీ తెరిస్తే మొహం మీద పడింది. గాలి కూడా పొడిగా, వెచ్చగా ఉంది. నేను కొంగు దోపి, రజాయి భుజాన వేసుకుని గుమ్మం దాటానో లేదో, పైన ఠంగ్ ఠంగ్ ఠంగ్.

"దయచేసి వినండి. ఉత్తర కోస్తా నుంచి వచ్చు చల్లని జల్లులు ఉరుములు మెరుపులతో కలిసి మరికొద్ది సేపట్లో మన డాబా మీదకి రానున్నవి. పిడుగులు పడే అవకాశం ఉన్నందున డాబా తలుపుకి తాళం వేయడమైనది. యాత్రీగణ్ సే నివేదన్ హై, ఛత్ సే దూర్ రహేఁ."

ఆకాశంలో మబ్బు తునక లేదు. కాకి ఎగిరితే దాని నీడ కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

"బాబాయ్! నీకు కళ్ళున్నాయా?" అని అరిచాను. "అంకుల్, పాగల్ హో గయే క్యా?" అని ప్రవీణ్ అరిచాడు. డాబా తాళంచెవి ముందునుంచీ పై అంతస్తు వాళ్ళ దగ్గరే, అంటే బాబాయి దగ్గరే ఉండటం మా బిల్డింగు అలవాటు. అందరం కలిసి లాక్కునేవాళ్ళమే గానీ, ఆయన అనౌన్స్‌మెంట్లో ఒక మాట నీలకంఠం గారి చెవిన పడింది. పిడుగు! పోయిన ఏడు పిడుగుకి ఆయన టీవీ, ఫ్రిజ్జు ఒకేసారి కాలిపోయాయి. అప్పటినుంచి ఎక్కడైనా మెరుపు మెరిస్తే ఆయన మంచం కింద ఉంటాడు.

"రిస్క్ తీసుకోలేం" అన్నాడు నీలకంఠం గారు. పది నిమిషాల్లో గోడ మీద నోటీసు పడింది. పిడుగుల దృష్ట్యా తదుపరి ఉత్తర్వుల వరకు డాబా మూసివేయడమైనది అని. అతికించి, చదివి, ఆకాశం వైపు భయంగా చూసి లోపలికి వెళ్ళిపోయాడు. ఎదురుగా ఎండ కనిపిస్తున్నా సరే, నోటీసు మాట నోటీసుదే.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఫోనులో సూర్యుడి బొమ్మ, గోడ మీద పిడుగుల నోటీసు. బాబాయి రోజూ రెయిన్‌కోటు తొడుక్కుని, గొడుగు పట్టుకుని డాబా మీదకి వెళ్ళేవాడు. "ఎక్కడికి బాబాయ్?" అంటే "వానని రిసీవ్ చేసుకోవాలి కదే" అనేవాడు. సాయంత్రం చెమటతో తడిసి దిగొచ్చేవాడు. "వచ్చిందా?" అంటే "ఆలస్యంగా నడుస్తోంది" అనేవాడు.

మా కష్టాలు చెప్పుకుంటే సిగ్గు. ప్రవీణ్ వాళ్ళు పరుపు ప్రహరీగోడ మీద ఆరేస్తే దాని మీద వీధికుక్క కుటుంబంతో సహా పడుకుంది. నేను కిటికీ ఊచలకి దుప్పటి కడితే గాలికి ఊడిపోయి, కింద గుప్‌చుప్ అనే పానీపూరీల బండి మీద పడింది. ఆ బండివాడు దాన్ని మర్యాదగా మడతపెట్టి తెచ్చిచ్చాడు గానీ, ఆ రాత్రి మా ఆయన చింతపండు నీళ్ళ వాసనలో పడుకున్నాడు.

పైగా జోగమ్మ కూడా రోజూ ఆలస్యమే. మొహం మాడిపోయి, కళ్ళు ఎర్రబడి వస్తోంది. గోళ్ళలో తెల్లటి పిండి. "ఏం జోగమ్మా, నువ్వు కూడా ఆలస్యంగా నడుస్తున్నావా?" అని కసిరాను. ఆవిడ నవ్వి, గిన్నెలు ముందేసుకుని కూర్చుంది. ఇంకో వింత కూడా ఉంది. బర్మామైన్స్‌లో ఉన్న కాకులన్నీ మా బిల్డింగు మీదే తిరుగుతున్నాయి.

శుక్రవారం నాకు తిక్క రేగింది. తడి రజాయి భుజాన వేసుకుని పైకి బయల్దేరాను. "ఇవాళ తాళమైనా పగలాలి, బాబాయి నెత్తైనా పగలాలి" అని మెట్లమీద అరుచుకుంటూ పోయాను. నా అరుపు విని కింద తలుపులు తెరుచుకున్నాయి. "రోహిణి వెళ్తోంది, పదండి" అని ఎవరో అన్నారు. నీలకంఠం గారి గొంతు కూడా వినిపించింది. "ఆగండి, తనిఖీ చేయవలసింది సెక్రటరీ. నేనే వస్తున్నా."

పైకి వెళ్ళి చూస్తే తలుపు ఓరగా ఉంది. ఉమామహేశ్వరి పిన్ని పొగలు కక్కుతున్న గిన్నె పట్టుకుని అప్పుడే లోపలికి వెళ్తోంది. ఆవిడ వెనకే నేనూ దూరాను.

డాబా అంతా తెల్లగా ఉంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పాత చీరలు, పంచెలు. వాటి మీద వరసలు వరసలుగా వడియాలు. ఇటు సగ్గుబియ్యం, అటు బియ్యప్పిండి, మూలన గుమ్మడికాయవి. మధ్యలో జోగమ్మ మోకాళ్ళ కింద గోనెసంచి వేసుకుని, గరిటెతో పిండి వేస్తోంది. గొడుగు కింద, రెయిన్‌కోటులో చెమటలు కారుతూ బాబాయి నిలబడి, తువ్వాలు ఊపుతూ కాకులకి అనౌన్స్ చేస్తున్నాడు. "కాకులకు విజ్ఞప్తి. ఈ ప్లాట్‌ఫారం మీద వాలుట నిషేధించడమైనది. కౌవా గణ్ కృపయా ధ్యాన్ దేఁ!"

నన్ను చూసి తువ్వాలు జారిపోయింది ఆయనకి.

"బాబాయ్! వాన ఎక్కడ?"

ఆయన రెయిన్‌కోటు జేబులోంచి ఫోను తీసి నా ముందు పెట్టాడు. జంషెడ్‌పూర్ అని తెలుగులో రాసి ఉంది. దాని కింద వారమంతా సూర్యుడి బొమ్మలే.

"అంటే నీకు తెలుసా?"

"తెల్దేటి? నాకు కల్లు నేవేటి? ఈ నెలాఖరు దాకా చినుకు పడదు."

"మరి అబద్ధాలు చెప్పావా?"

"అబద్ధమేటే? నాను చెప్పింది శ్రీకాకుళం వాన."

"అక్కడా ఎండేనంట" అంది పిన్ని గిన్నె దించుతూ. "మా చెల్లి పొద్దున్నే ఫోన్ చేసింది. ఈయన మాటలు నమ్మకు."

బాబాయి గొంతు తగ్గించాడు. "డాబా అడిగితే ఇవ్వనన్నారు. వాన వస్తాదంటే డాబా ఖాళీ. నా మాట మీద అందరూ నవ్వుతారు కదా, ఇంకొంచెం నవ్వుకుంటారు, నాకేటి పోతాది? ఇదిగో, ఈ రెండు రోజులు ఎండితే ఆదివారం మెస్సుకి పంపించేస్తాం. ఆ తర్వాత మీ పరుపులు, మీ ఇష్టం. మెస్సు కుదిరితే జోగమ్మకి అంట్ల పని తప్పుతాదే."

అంట్ల పని తప్పుతుంది! ఎవరి అంట్లు? మా ఇంటి అంట్లు కూడా! నేను ఇక్కడ నోరు మూసుకుంటే జోగమ్మ గెలుస్తుంది, నా సింకు నిండుతుంది. జోగమ్మలా గిన్నె తోమేవాళ్ళు ఈ బర్మామైన్స్‌లో ఇంకొకరు లేరు. ఆవిడ తోమిన ఇత్తడి చెంబులో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు.

ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. నీలకంఠం గారి ఆయాసం దగ్గరపడుతోంది. ఆయన వెనక బిల్డింగు బిల్డింగంతా.

జోగమ్మ గరిటె పట్టుకునే నా వైపు చూసింది. "అమ్మా, పారబోయించెత్తారేటమ్మా?" అంది. మోకాలు మీద చెయ్యి వేసుకుని లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చుండిపోయింది.

నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. కోపమే ఎక్కువ. వడియాలు గుడ్డ నుంచి ఊడదీయడానికి గుడ్డ వెనక చల్లే నీళ్ళ బకెట్టు నా కాళ్ళ దగ్గరే ఉంది. దోసెడు నీళ్ళు తీసుకున్నాను. తలుపు సందులోంచి కిందకి చూస్తే, పైన కప్పు లేని ఆఖరి మలుపులో నీలకంఠం గారి బట్టతల ఎండకి నిగనిగలాడుతూ పైకి వస్తోంది. విసిరాను.

ఆయన టక్కున ఆగిపోయాడు. నెత్తి తడుముకున్నాడు. వేళ్ళు చూసుకున్నాడు.

"వానండీ! వాన మొదలైపోయింది!" అని అరిచాను. ఇంకో దోసెడు విసిరాను.

పిన్ని ఏమనుకుందో, గిన్నె మీది డేకిసా మూత తీసి గోడకేసి ఫెళ్ళున కొట్టింది. బాబాయి అప్పటికే ఠంగ్ ఠంగ్ ఠంగ్ అనేశాడు. "దయచేసి వినండి! ఉరుములు మెరుపులతో కూడిన చల్లని జల్లులు చేరుకున్నవి! పిడుగు... పిడుగు ఏ క్షణంలోనైనా..."

పిన్ని మూతతో ఇంకోటి వేసింది.

"దిగండి! అందరూ దిగండి!" అని నీలకంఠం గారు వెనక్కి తిరిగాడు. ఆయన వయసుకి ఆ వేగం ఎలా వచ్చిందో తెలియదు. వెనకున్నవాళ్ళని నెట్టుకుంటూ కింది దాకా వెళ్ళిపోయాడు.

"లేకిన్ ధూప్ హై అంకుల్!" అంటున్నాడు ప్రవీణ్.

"ఎండావానా! కుక్కకీ నక్కకీ పెళ్ళి! ఎప్పుడూ వినలేదా? ఇదిగో నా నెత్తి చూడు!" అన్నాడు నీలకంఠం గారు. ప్రవీణ్ చూశాడు. సెక్రటరీ గారి నెత్తి తడిగా ఉన్నమాట నిజమే. దాన్ని ఎవరు కాదంటారు?

పైన జోగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నేను నా రజాయి అక్కడే పడేసి, ఇంకో గరిటె అడిగి తీసుకుని కూర్చున్నాను. నేను వేసిన వడియాలు చూసి, "ఓలమ్మ, ఇవి ఒడియాలేటి, పిడకలేటి" అంది జోగమ్మ. పల్చగా ఎలా వేయాలో నేర్పించింది.

ఆదివారం పొద్దున్నే డబ్బాలన్నీ ఆటోలోకి ఎక్కాయి. బాబాయి కూడా గోవింద్‌పూర్ వెళ్ళాడు. సత్యప్రసాద్ గారు ఒక గుప్పెడు వేయించి, ఒకటి నోట్లో వేసుకున్నాడట. ఆ చప్పుడికి అవతల భోజనం చేస్తున్నవాళ్ళు తలెత్తి చూశారట. మెస్సుకి ఏడాది పొడుగునా వడియాలు జోగమ్మవే అని అక్కడికక్కడే ఖాయం చేశాడు.

ఆ సాయంత్రం మా మెట్ల దగ్గర మళ్ళీ ఠంగ్ ఠంగ్ ఠంగ్. "చల్లని జల్లులు వెళ్ళిపోయినవి. రేపటినుంచి పొడి, వేడి వాతావరణం. ప్రయాణికులు తమ తమ పరుపులతో డాబాకి చేరవలెను." తాళం తీశాడు. మర్నాడు ఎండ అదరగొట్టింది. మా పరుపులు అప్పడాల్లా ఎండాయి. దాంతో నీలకంఠం గారికి పూర్తిగా గురి కుదిరిపోయింది. "ఆయన వానంటే వాన, ఎండంటే ఎండ. నా నెత్తి మీద నేను స్వయంగా చూశాను" అని కనిపించినవాళ్ళందరికీ చెబుతున్నాడు. నెత్తి మీద స్వయంగా ఎలా చూశాడో ఎవరూ అడగలేదు.

జోగమ్మ అదే రోజు మా ఇంటికొచ్చింది. "రేపట్నుంచి రాన్నేనమ్మా" అంది. చెప్పడానికి ఎంత మొహమాటపడిందో! "తెలుసులే, నీ నెత్తిన పాలు పోసింది నేనే కదా" అన్నాను. ఇప్పుడు నా అంట్లు నేనే తోముకుంటున్నాను. చేతులు గరుకెక్కాయని మా ఆయనకి చెబితే, ఆయన వడియం కరకరలాడిస్తూ ఏమీ వినపడనట్టు కూర్చుంటున్నాడు.

మొన్న సాయంత్రం కింద వరండాలో కూర్చున్నాం. బాబాయి, పిన్ని, నేను. గోవింద్‌పూర్ నుంచి వస్తూ జోగమ్మ కూడా వచ్చి కుర్చీలో కూర్చుంది. నాలుగు గ్లాసుల టీ పెట్టి తెచ్చాను. ఆవిడ తన గ్లాసు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "అడుగున జిడ్డు పోనేదమ్మా. బూడిద పెట్టి తోముకోవాల" అంది. సరేనన్నాను, ఇంకేం చేస్తాను!

అప్పుడు నీలకంఠం గారు వచ్చి బాబాయి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"కూర్మారావు గారూ, మా దుప్పట్లన్నీ ఉతికించాలి. రేపు డాబా మీద వేసుకోవచ్చంటారా? ఫోనులో ఎండ అని ఉంది. నాకు ఫోను మీద నమ్మకం లేదు."

బాబాయి ఆకాశం వైపు చూడలేదు. టీ ఊదుకుంటున్న జోగమ్మ వైపు తిరిగాడు.

"జోగమ్మా, రేపేటి చేత్తన్నావు?"

"సల్లమిరపకాయలు ఎండెయ్యాల బావూ."

బాబాయి గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"రేపు ఉరుములు మెరుపులతో కూడిన భారీ వర్షం" అన్నాడు.

ఈ రెండు మాటలకీ ఏదైనా సంబంధం ఉండొచ్చని నీలకంఠం గారికి తోచలేదు. "అమ్మో, మంచిపని చేశారు చెప్పి" అని దణ్ణం పెట్టి, నోటీసు రాయడానికి గబగబా లోపలికి వెళ్ళాడు. నేను హాసినిని కేకేసి, నానబెట్టిన బట్టలు పిండి ఫ్యాను కింద ఆరెయ్యమన్నాను.